గాజులేసుకున్న పోరడు

మగపిల్లవాడి ఒంటిమీది బట్ట గురించి రాస్తామంటే మావాళ్ళే నవ్వారు. వక్ఫ్ భూములు పోతున్నాయి, ఉద్యోగాలు లేవు, అద్దెకు ఇల్లు అడిగితే పేరు విని తలుపులేస్తున్నారు, ఇప్పుడు గౌన్ల గురించి రాస్తారా అన్నారు. ఇదే మాట పరదా గురించి రాసినప్పుడు అన్నారు. జోడేకీ రఖం గురించి రాసినప్పుడు అన్నారు. మనలో అష్రాఫులు వేరు, దూదేకులవాళ్ళు వేరు, ఫకీర్లు వేరు అని మన లోపలి కులాల గురించి రాసినప్పుడు ఇంకా గట్టిగా అన్నారు. ఇది సమయం కాదనడం మన పెద్దలకు అలవాటైపోయింది. వాళ్ళు చెప్పే ఆ సమయం ఎప్పుడొస్తుందో మేం చూడలేదు గనక ఇప్పుడే రాస్తున్నాం.

నస్రుల్లాబాద్ నిజాంసాగర్ ఆయకట్టు వైపు ఊరు. ఒకప్పుడు నిజామాబాద్ జిల్లా, 2016లో కొత్త జిల్లాలు చేసినప్పుడు కామారెడ్డి జిల్లాలో మండల కేంద్రమైంది. ఇటు బాన్సువాడ, అటు వర్ని. వరి పొలాలు, ఒళ్ళో బీడీ చాటలు పెట్టుకున్న ఆడవాళ్ళు, గల్ఫ్‌కు పోయిన మగవాళ్ళు. ఈ చుట్టుపక్కల ముస్లిం ఇళ్ళలో ట్రంకు పెట్టెల అడుగున ఉండే పాత ఫోటోలు ఒకసారి తీసి చూడండి. స్టూడియోలో స్టూలు మీద నిలబెట్టి తీసిన మూడేళ్ళ పిల్లవాడు. ఒంటి మీద గౌను. కళ్ళ నిండా సుర్మా. చేతులకు నల్ల గాజులు. చెవికి పోగు. నెత్తి మీద రిబ్బను కట్టిన జడ. 'ఈ పాప ఎవరు?' అని అడిగితే, 'పాప కాదు, మా మామూ' అని ఇంటివాళ్ళు నవ్వుతారు. ఆ మామూకు ఇప్పుడు మనవలుంటారు, గడ్డం తెల్లబడి ఉంటుంది. ఆ ఫోటో చూపిస్తే కొందరు లాక్కుంటారు.

ఆ జడ బడాపహాడ్ దర్గాకు మొక్కిన పుట్టెంట్రుకలది. వర్ని వైపు గుట్ట మీద సయ్యద్ సాదుల్లా హుస్సేనీ దర్గా ఉంది. పిల్లవాడు బతికితే నీ దగ్గరకొచ్చి వెంట్రుకలిస్తాం, కందూరు చేస్తాం అని ముస్లింలూ మొక్కుతారు, హిందువులూ మొక్కుతారు. మొక్కు తీరేదాకా కత్తెర తగలనివ్వరు. పెరిగిన జుట్టును అల్లకుండా ఎట్లా ఉంచుతారు? అల్లుతారు. అల్లిన జడకు రిబ్బను కట్టకుండా ఉంటారా? కడతారు. పీర్ల పండుగకు అదే పిల్లవాణ్ణి ఇమాం హుస్సేన్ పేరున ఫకీరును చేస్తారు: పచ్చ కుర్తా, మెడలో రంగు దారాల నాడా, నడుముకు గంటలు. మొహర్రం ఏడో రోజు ఖాసిం మెహందీ అంటే ఆడపిల్ల చేతికే కాదు, మగపిల్లవాడి చేతికీ గోరింటాకు. సున్నతి నాడు పూల సెహ్రా కట్టి, జరీ బట్టలు తొడిగి, పెళ్ళికూతురంత ముస్తాబు చేసి కూర్చోబెడతారు. ఇన్ని రంగులు మగపిల్లవాడి మీద నుంచి పోయాయి. ఎవరి మగతనానికీ ఏమీ కాలేదు.

దీన్ని చూపించి మా పల్లెలు ఎంత స్వేచ్ఛగా ఉండేవో అని పొంగిపోవడానికి మేం సిద్ధంగా లేం. గౌను ఎందుకు తొడిగారో దాదీలను అడగండి. దాచకుండా చెబుతారు: నజర్ తగలకుండా. ముందు పుట్టిన ఇద్దరు ముగ్గురు మగపిల్లలు పోయాక, మళ్ళీ మగపిల్లవాడు పుడితే, వాణ్ణి ఆడపిల్లలా చూపిస్తే చావు పక్కనుంచి వెళ్ళిపోతుందని. హిందువులు పెంటయ్య, పుల్లయ్య అని పేరు పెట్టినట్టే ఇది కూడా. పెంట కుప్ప మీదిది ఎవరూ ఎత్తుకుపోరు. పుల్ల విస్తరిని ఎవరూ దొంగిలించరు. ఆడపిల్లను మృత్యువు కూడా కోరదు! పిల్లవాడికి గౌను తొడిగిన ఆ చేతుల్లో ఎంత ప్రేముందో అంత అవమానముంది, పక్కనే ఆడుకుంటున్న అక్కకు. ఆమె ఒంటి మీది బట్ట కొడుకును దాచిపెట్టే చెత్తబుట్టలాగా పనికొచ్చింది. ఇది మర్చిపోయి పాత ఆచారాన్ని పొగిడితే మోసమవుతుంది.

అయినా ఒక తేడా చూడాలి. ఆ కాలంలో గౌను తొడుక్కున్న పిల్లవాణ్ణి ఎవరూ కొట్టలేదు. ఇప్పుడు కొడుతున్నారు.

ఈ వైపు ఒక ఊళ్ళో జరిగింది చెబుతాం. పేర్లు అక్కరలేదు. ఆరేళ్ళ పిల్లవాడు. రంజాన్‌కు అక్కకు గులాబీ రంగు గౌను కొన్నారు, చమ్కీలు కుట్టింది. వాడికి బూడిద రంగు జుబ్బా. జుబ్బా గల్ఫ్ నుంచి నాయన పంపింది. వాడు గౌను కావాలన్నాడు. రెండు రోజులు ఏడిచాడు. అక్క ఎనిమిదేళ్ళది, 'ఒక్కసారి వేసుకోనియ్ అమ్మీ' అని ఆమే సిఫారసు చేసింది. తల్లి తొడిగింది. వాడు గిర్రున తిరిగి చూసుకుని, అంతటితో ఆగక గల్లీలోకి పరిగెత్తాడు. అరగంటలో 'జనానా' అనే పేరు పడింది. చాచా వచ్చి గల్లీలోనే చెంప మీద కొట్టి, గౌను గుంజి చింపాడు. రాత్రి ఫోన్‌లో నాయన మొహం కనబడింది. తప్పంతా తల్లిదని తేల్చారు. మరునాడు పిల్లవాణ్ణి తావీజు కోసం తీసుకుపోయారు. గౌను ఎవరిదో, పండక్కి ఏం వేసుకుంటుందో ఆ రాత్రి ఎవరూ అడగలేదు.

చాచా తన కోపానికి దీన్‌ను సాక్ష్యం తెచ్చాడు. దీన్‌ను ముందు పెట్టినవాళ్ళతో దీన్ లోపలినుంచే మాట్లాడాలి. ఆడవాళ్ళను అనుకరించే మగవాళ్ళనూ, మగవాళ్ళను అనుకరించే ఆడవాళ్ళనూ ప్రవక్త శపించారన్న హదీసు బుఖారీలో ఉంది. మేం దాన్ని దాచడం లేదు. కానీ ఆరేళ్ళ పిల్లవాడి లెక్క రాసే కలం ఇంకా ఎత్తే ఉంది, బాలిగ్ అయ్యేదాకా వాడి మీద గుణాహ్ లేదు అన్నదీ హదీసే. మన వైపు ఎక్కువమంది హనఫీలం. మగపిల్లవాడికి పట్టు, బంగారం తొడిగితే తప్పు తొడిగిన పెద్దవాళ్ళదని హనఫీ ఫిఖా అంటుంది. షాఫయీ పండితుల్లో పిల్లలకు అనుమతి ఇచ్చినవాళ్ళున్నారు. హైదరాబాద్ బార్కస్‌లో ఉండే హద్రమౌత్ అరబ్బులు ఆ మజహబ్ వాళ్ళే. అంటే పిల్లవాడి బట్ట మీద ఇమాములే ఒక్క మాట మీద లేరు. తల్లికి తప్పు అంటగట్టొచ్చని చాచా వాదించవచ్చు. సరే. మరి చెంపదెబ్బ ఎవరికి పడింది?

ఇంకో సంగతి. పట్టు మగవాళ్ళకు హరాం అన్నప్పుడు దక్కన్‌లో మన పెద్దలు ఏం చేశారు? పట్టు మానేశారా? మష్రూ కట్టారు. పైకి కనబడేది పట్టు, ఒంటికి తగిలేది నూలు. మష్రూ అంటే షరియత్ ఒప్పుకున్నది అని అర్థం. ఔరంగాబాద్ హిమ్రూ కూడా పట్టూ నూలూ కలిసిందే. నవాబులకు మెరుపు కావాల్సినప్పుడు షరియత్‌లో సందు దొరికింది. పెళ్ళికొడుకు షేర్వానీ తళతళలాడుతుంటే ఏ మౌల్సాబూ దారం తీసి పరీక్షించడు. సందులు వెతికే తెలివంతా పెద్ద మగవాళ్ళ కోసమే ఖర్చయిపోయింది, పిల్లల దగ్గరికొచ్చేసరికి అక్షరం అక్షరం గుర్తొస్తుంది.

మేం గమనించింది, ఈ సిగ్గు మొత్తం మసీదు నుంచి రాలేదు. కొంత కచేరీ నుంచి వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు 1871లో నేరజాతుల చట్టం చేశారు. అందులో రెండో భాగం హిజ్రాల మీద. ఆడబట్ట కట్టుకుని వీధిలో కనబడితే నేరం. నిజాం సర్కారు దాన్ని చూసి 1329 ఫస్లీలో, అంటే 1919లో, తన చట్టం చేసుకుంది. హైదరాబాద్‌లో హిజ్రాల పేర్లు రిజిస్టరు చేయాలి. రిజిస్టరులో ఉన్నవాళ్ళు ఆడవేషంలో, నగలు పెట్టుకుని బజారులో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. పదహారేళ్ళ లోపు మగపిల్లవాడు వాళ్ళ దగ్గర ఉన్నా పట్టుకోవచ్చు. ముస్లిం రాజ్యం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చి పోయింది, తెలంగాణ వచ్చింది, ఆ చట్టం పుస్తకంలో అట్లాగే ఉంది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. నూరేళ్ళు దాటి బతికిన చట్టం! ఈ పాపాన్ని ఒక్క ఇంగ్లీషువాడి మీదే వేసి చేతులు కడుక్కోలేం. మన ఆసఫ్‌జాహీ పాలన గురించి గొప్పలు చెప్పుకునేటప్పుడు ఉస్మానియా యూనివర్సిటీతో పాటు దీన్నీ లెక్కలో రాయాలి.

కచేరీ తర్వాత బజారు. ఇవాళ బాన్సువాడలోనో కామారెడ్డిలోనో రెడీమేడ్ దుకాణానికి పొండి. పుట్టిన పిల్లకు బట్ట అడిగితే 'బాబా, పాపా?' అంటాడు. బాబైతే నీలం, పాపైతే గులాబీ. ఇది ఆదమ్, హవ్వా నాటి నుంచి ఉన్నట్టు మాట్లాడతాం. అమెరికాలో 1918లో బట్టల వ్యాపారుల పత్రిక ఒకటి మగపిల్లలకు గులాబీ, ఆడపిల్లలకు నీలం సరిపోతుందని రాసింది, గులాబీ గట్టి రంగట! ఆ దేశానికి నాలుగుసార్లు అధ్యక్షుడిగా గెలిచిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1884లో, రెండున్నరేళ్ళ వయసులో, తెల్ల గౌను తొడుక్కుని, పొడుగు జుట్టుతో తీయించుకున్న ఫోటో ఉంది. అక్కడ అప్పట్లో మగపిల్లలందరూ ఐదారేళ్ళదాకా గౌన్లలోనే పెరిగేవాళ్ళు. గౌనుకు ఉచ్చబట్ట మార్చడం సులువు, అంతకన్నా మహత్తరమైన కారణమేమీ లేదు. మన బీదిళ్ళలోనూ ఇంతే. అక్కకు పొట్టిదైన గౌను తమ్ముడికి, తమ్ముడికి చిరిగితే పొయ్యి మసిగుడ్డకు. ఆకలి ఉన్న ఇంట్లో రంగులకు ఆడా మగా లేదు. నాలుగు డబ్బులు వచ్చి, ఒక్కొక్కరికి ఒక్కో జత కొనగలిగినప్పుడే రంగులకు లింగం వచ్చింది.

పోనీ, గులాబీ ఆడరంగు అని ఒప్పుకుందాం. 2001లో తెలంగాణ రాష్ట్ర సమితి పెట్టినప్పటి నుంచి ఈ జిల్లాలో ఎన్ని వేల మంది మీసాలున్న మగవాళ్ళు గులాబీ కండువాలు వేసుకుని ఊరేగలేదు? వాళ్ళలో సాయెబులు లేరా? ఒక్కణ్ణయినా ఎవరైనా ఆడంగి అన్నారా? అధికారం మెడలో పడితే ఏ రంగైనా మగరంగే. అదే రంగు అధికారం లేని ఆరేళ్ళవాడి ఒంటి మీదికి వస్తే గల్లీకి రోషం వస్తుంది.

జుబ్బా సంగతి ఇంకా విచిత్రం. గల్ఫ్ సూట్‌కేసుల్లో వచ్చింది, మా తాతలు ఎరగరు. వాళ్ళవి లుంగీ, కమీజు, నెత్తిన రుమాలు. ఇప్పుడు జుబ్బా తొడిగితేనే పిల్లవాడు పక్కా మగాడు, పక్కా ముసల్మాను. అదే జుబ్బాతో బడి వైపు పోతే తోటి పిల్లలు 'నైటీ ఏసుకున్నవేందిరా' అంటారు. మెడ నుంచి మడమ దాకా ఒకే గుడ్డ. రియాద్‌లో అది మగబట్ట, మన సర్కారు బడి గేటు దగ్గర ఆడబట్ట. గుడ్డ అదే!

గాజుల దగ్గరకొద్దాం. అసలు రోగం అక్కడే ఉంది. ఎన్నికల మీటింగుల్లో, గొడవలు జరిగినప్పుడు ఒక మాట ఎప్పుడూ వినబడుతుంది. అటువైపు వాళ్ళు 'మనం గాజులు తొడుక్కుని కూర్చోలేదు' అంటారు. ఇటువైపు మనవాళ్ళు 'హమ్ చూడియా నహీ పహనే' అంటారు. కాషాయ కండువాకూ పచ్చ జెండాకూ ఏ మాట మీదా పొత్తు కుదరదు, ఈ ఒక్క మాట మీద తప్ప. 1992 డిసెంబరు 6 తర్వాత ఈ మాట మన గల్లీల్లో మరీ పెరిగింది. మసీదును కాపాడుకోలేకపోయామన్న దుఃఖాన్ని మగతనం పోయినట్టుగా చదువుకున్నాం. ముస్లిం మగవాడంటే కామం, కత్తి అని మతోన్మాదులు బొమ్మ గీస్తే, అబద్ధమని ఆ బొమ్మను చింపాల్సిందిపోయి, దానికి తగ్గట్టు కొడుకుల్ని తయారుచేయాలని చూశాం. తల్లి తొడిగిన గాజులను తల్లి ఎదుటే తిట్టుగా వాడుతున్నామన్న స్పృహ లేదు.

ఆ గాజులు చేసేదెవరు? హైదరాబాద్ లాడ్‌బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొలిమి దగ్గర కూర్చుని లక్క కరిగించి రాళ్ళు పొదిగేవాళ్ళలో ఎందరో మన మగవాళ్ళు. మగవాళ్ళే కాదు, మగపిల్లలు. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు రెండొందల మందికి పైగా పిల్లల్ని విడిపించారు, ఎక్కువమంది బీహారు నుంచి తెచ్చినవాళ్ళు. గాలి ఆడని గదుల్లో పొద్దంతా, రాత్రంతా గాజులు చేసిన పిల్లలు. మగపిల్లవాడు గాజులు చేస్తూ చేతులు కాల్చుకుంటే మనకు పరువు పోలేదు. గాజు చేతికి వేసుకుంటే పోతుందట.

మన చరిత్రలో ఈ సిగ్గు లేని చోట్లూ ఉన్నాయి. ఎక్కువ చెప్పం. అహ్మదాబాద్‌లో పదిహేనో శతాబ్దపు మూసా సుహాగ్ అనే వలీ అల్లాకు పెళ్ళికూతురినంటూ ఎర్రబట్టలు, గాజులు వేసుకున్నాడు, ఆయన దారిలో నడిచిన ఫకీర్లను సదా సుహాగిన్లు అన్నారు. బీజాపూర్‌లో హాష్మీ అనే దక్కనీ కవి ఆడగొంతుతో గజళ్ళు రాశాడు. మగపిల్లలు సత్యభామ వేషం కట్టే కూచిపూడి భాగవతుల ఊరును గోల్కొండ తానీషా అగ్రహారంగా ఇచ్చాడని చెప్పుకుంటారు. స్త్రీ వేషాలకు స్థానం నరసింహారావుకు 1956లో, వేదాంతం సత్యనారాయణ శర్మకు 1970లో పద్మశ్రీలు వచ్చాయి. అగ్రవర్ణాల మగవాడు అరంగేట్రం చేసి జడ వేసుకుంటే కళ, పద్మశ్రీ. బీడీలు చుట్టే తల్లి కొడుకు జడ వేసుకుంటే తావీజు. శివసత్తుల్లో చీర కట్టే మగవాళ్ళను కూడా బోనం ఎత్తినంతసేపే మొక్కుతారు, దించాక బస్సులో పక్కన కూర్చోనియ్యరు.

2022లో కర్ణాటకలో హిజాబ్ వేసుకున్న ఆడపిల్లల్ని కాలేజీ గేటు దగ్గర ఆపేశారు. మార్చిలో హైకోర్టు కూడా సర్కారు వైపే చెప్పింది. అక్టోబరులో సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు రెండు మాటలు చెప్పారు. అప్పుడు మనమంతా వీధుల్లోకొచ్చి ఏమన్నాం? మా ఒంటి మీద ఏముండాలో మీరెవరు చెప్పడానికి అన్నాం. సరైన మాట అది. ఆ ఆడపిల్లల పక్కన మేం నిలబడ్డాం, ఇప్పుడూ నిలబడతాం. కానీ ఆ మాట ఇంట్లో ఆరేళ్ళవాడు అంటే చెంప పగలగొట్టేవాళ్ళం, గేటు దగ్గర నిలబడి ఏ మొహంతో అడుగుతాం?

అదే కాలంలో, 2021 డిసెంబరులో, కేరళ బాలుస్సేరి ఆడపిల్లల సర్కారు బడిలో అందరికీ ప్యాంటూ షర్టూ పెట్టారు. లింగభేదం లేని యూనిఫాం అన్నారు. ముస్లిం సంఘాలు కొన్ని వ్యతిరేకించాయి. అభ్యుదయవాదులు చప్పట్లు కొట్టారు. ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. భేదం లేకపోవడమంటే ఆడపిల్లలు మగబట్టలోకి రావడమేనా? చున్నీలో, లంగాలో ఏమీ లేదా తీసుకోవడానికి? ఆడపిల్ల ప్యాంటు వేస్తే పైకి ఎక్కినట్టు, మగపిల్లవాడు గౌను వేస్తే కిందికి జారినట్టు. ఈ మెట్లు అట్లాగే ఉంచి సమానత్వం అంటే మాకు నమ్మకం లేదు.

మన సాహిత్యాన్నీ ఇక్కడ నిలబెట్టి అడగాలి. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' నుంచి 1998 'జల్జలా' దాకా, 2004 'వతన్' కథల దాకా మనం అనుమానపు చూపుల గురించి, కాళ్ళ కింద కదిలే నేల గురించి రాశాం. షాజహానా 2005లో 'నఖాబ్'తో ఆడవాళ్ళ వైపు నుంచి మాట్లాడింది. ఆడపిల్ల బట్ట మీద మన మగ రచయితలకు బోలెడు అభిప్రాయాలు. మగపిల్లవాడి ఒంటి దగ్గరికొస్తే మన కలం సున్నతి దగ్గరే ఆగిపోతుంది. వాడు ఎట్లా మగవాడవుతాడో, వాడి లోపల ఏదేది నరికితే మగవాడవుతాడో రాయడానికి వెనకాడుతున్నాం. ఎందుకంటే అది మన మీద జరిగిన సున్నతి, మొదటిదానికి పండుగ చేశారు, రెండోదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

చివరికి ఆ భయం ఒకటుంది. అందరూ అనుకుంటారు, పైకి అనరు. గౌను తొడిగితే వాడు హిజ్రా అయిపోతాడేమో. గౌనుతో అయ్యేదైతే పాత ఫోటోల్లోని మామూలంతా ఏమయ్యారు? పెళ్ళాంపిల్లలతో ఉన్నారు, జమాత్‌కు పోతున్నారు. గౌను లాక్కుంటే ఆగేదైతే గల్లీల్లో చావుదెబ్బలు తిని ఇల్లు విడిచి రైలెక్కిన పిల్లలు ఎందుకున్నారు? ఒకవేళ ఈ పిల్లవాడు పెరిగి అదే అయితే? 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లకు తమ లింగం తామే చెప్పుకునే హక్కుందని తీర్పు చెప్పింది. మనం కోర్టుకన్నా వెనకపడి ఉండాలా? అప్పుడూ వాడికి ఆకలేస్తే పళ్ళెం ఎవరి ఇంట్లో పెట్టాలి? మొక్కుకుని, జడ పెంచి, గుట్టెక్కి బతికించుకున్న బిడ్డే కదా.

ఆ ఇంట్లో ఈద్ అయిపోయింది. చిరిగిన గౌనులోంచి తల్లి ఒక ముక్క కత్తిరించి పిల్లవాడి జుబ్బా జేబుకు లోపలి అస్తరుగా కుట్టింది. పైకి బూడిద రంగే. ఈద్గాలో నమాజ్ అయ్యేదాకా వాడు జేబులోంచి చెయ్యి తీయలేదని తర్వాత మాతో చెప్పింది, నవ్వుతూనే చెప్పింది. అక్క పోయినేటి గౌనే వేసుకుంది. దాని చేతులు బిగుతైపోయి, సేమ్యా గిన్నెలు మోసేటప్పుడు చంక దగ్గర కుట్టు పిగిలింది.